పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్‌లో ధమనిని ఎక్కడ కడతారో తెలుసుకోవడం, అడగడం, కాగితం మీద చూసుకోవడం ఎలా

మీ ఇంట్లో ఒకరికి పెద్దపేగులో గడ్డ ఉందని కొలనోస్కోపీలో తేలి, బయాప్సీలో అది క్యాన్సర్ అని నిర్ధారణ అయి, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ దవాఖానల్లోనో, బీబీనగర్ ఎయిమ్స్‌లోనో, హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే, నిమ్స్ వంటి చోట్లనో ఆపరేషన్ తేదీ కోసం ఎదురుచూస్తున్నారనుకుందాం. ఎంత పేగు తీస్తారు, మలం పోవడానికి పొట్ట మీద సంచి పెడతారా, ఎన్ని రోజులు దవాఖానలో ఉంచుతారు అని అందరూ అడుగుతారు. అవి అడగవలసిన ప్రశ్నలే. అయితే గడ్డ ఉన్న పేగుకు రక్తం తెచ్చే ధమనిని సర్జన్ ఎక్కడ కట్టి కోస్తారన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఎంత పేగు తీయాలన్నదీ, ఎన్ని లింఫు గ్రంథులు బయటికి వస్తాయన్నదీ, మిగిలిన పేగు కొసకు రక్తం సరిగా అందుతుందా లేదా అన్నదీ చాలావరకు ఆ ఒక్క నిర్ణయాన్ని బట్టి ఉంటుంది. సర్జన్‌కు సలహా చెప్పడానికి కాదు గాని, జరగబోయేది అర్థం చేసుకుని, చెప్పవలసిన సంగతులు ముందే చెప్పి, తర్వాత చేతికి వచ్చే రిపోర్టులను చదువుకోగలగడానికి కింది క్రమం పనికివస్తుంది.

1. గడ్డ ఏ భాగంలో ఉందో ముందు కాగితం మీద చూసుకోండి

ఏ ధమనిని కట్టాలన్నది గడ్డ ఉన్న చోటును బట్టి నిర్ణయమవుతుంది కనుక మొదట కొలనోస్కోపీ రిపోర్టు, సీటీ స్కాన్ రిపోర్టు పక్కపక్కన పెట్టుకోండి. పెద్దపేగు కుడివైపు పొత్తికడుపులో సీకమ్‌తో మొదలై, అసెండింగ్ కోలన్‌గా పైకి పోయి, కాలేయం కింద మలుపు తిరిగి, ట్రాన్స్‌వర్స్ కోలన్‌గా (అడ్డపేగు) ఎడమవైపుకు అడ్డంగా సాగి, ప్లీహం దగ్గర మళ్ళీ మలుపు తిరిగి, డిసెండింగ్ కోలన్‌గా కిందికి దిగి, సిగ్మాయిడ్‌గా వంకర తిరిగి, చివరకు రెక్టమ్‌గా మలద్వారం దాకా వస్తుంది. రిపోర్టులో ఈ పేర్లలో ఒకటి ఉంటుంది.

కొలనోస్కోపీలో రాసే సెంటీమీటర్ల లెక్కను పూర్తిగా నమ్మకూడదు. గొట్టం లోపల మెలికలు పడుతుంది కాబట్టి "60 సెంటీమీటర్ల దగ్గర" అన్నది ఒకరిలో డిసెండింగ్ కోలన్ కావచ్చు, మరొకరిలో అడ్డపేగు కావచ్చు. సీటీలో గడ్డ కనిపిస్తే ఆ చోటే ఎక్కువ నమ్మదగినది. గడ్డ చిన్నదై సీటీలో కనిపించకపోతే, కొలనోస్కోపీ చేసినవారు దాని పక్కన సిరా గుర్తు పెట్టారా అని అడగండి. లాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్‌లో) సర్జన్ చేతితో తడిమి చూడలేరు కనుక ఆ గుర్తు లేకపోతే ఇబ్బంది పడతారు. రెక్టమ్ గడ్డ అయితే మలద్వారం అంచు నుంచి ఎన్ని సెంటీమీటర్ల పైన ఉందో, ఎంఆర్ఐ తీశారో లేదో కూడా చూసుకోండి.

2. గడ్డ ఒకచోట ఉంటే ధమనిని అంత దూరాన ఎందుకు కడతారో అర్థం చేసుకోండి

గుండె నుంచి కిందికి వచ్చే మహాధమని వెన్నెముక ముందు భాగంగా దిగుతుంది. పెద్దపేగుకు రక్తం తెచ్చేవి దాని నుంచి చీలే రెండు ధమనులు. పైనున్నది సుపీరియర్ మెసెంటెరిక్ ఆర్టరీ. అది చిన్నపేగు దాదాపు మొత్తానికీ, పెద్దపేగు కుడి సగానికీ, అడ్డపేగులో చాలా భాగానికీ రక్తం ఇస్తుంది. కిందిది ఇన్ఫీరియర్ మెసెంటెరిక్ ఆర్టరీ. మహాధమని రెండు కాళ్ళకు చీలే చోటు సుమారుగా బొడ్డు ఎత్తులో ఉంటుందనుకుంటే, దానికి మూడు నాలుగు సెంటీమీటర్ల పైన ఈ కింది ధమని పుడుతుంది. డిసెండింగ్ కోలన్‌కు, సిగ్మాయిడ్‌కు, రెక్టమ్ పై భాగానికి పోయే రక్తం దీనిదే.

క్యాన్సర్ కణాలు గడ్డ నుంచి బయటపడినప్పుడు లింఫు నాళాల గుండా పోతాయి, ఆ నాళాలు ధమనుల పక్కనే వెనక్కి, అంటే మహాధమని వైపు నడుస్తాయి. లింఫు గ్రంథులు ఆ దారిలో మూడు మజిలీలుగా ఉంటాయి: మొదటివి పేగు అంచున, రెండోవి ధమని కొమ్మల వెంట, మూడోవి ధమని పుట్టే మూలం దగ్గర. జపాన్ సర్జన్లు మొదటి వరుస వరకే తీస్తే డీ1 అని, రెండో వరుస వరకు తీస్తే డీ2 అని, మూలం దాకా తీస్తే డీ3 అని పిలుస్తారు. ఈ పేర్లు మన దగ్గరి ఆపరేషన్ నోట్లలోనూ కనిపిస్తాయి. ధమనిని ఎంత పైన కడితే, ఆ దారిలోని గ్రంథులను కొవ్వుతో సహా ఒకే ముక్కగా అంత ఎక్కువగా తీసుకోవచ్చు. గడ్డకు రెండు వైపులా చాలినంత మంచి పేగును కలిపి తీయడం పాత నియమమే అయినా, అసలు పేగు పొడవును నిర్ణయించేది చాలాసార్లు ఈ ధమనే. దాన్ని కట్టేశాక రక్తం అందని భాగమంతా తీయక తప్పదు.

సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవారికి ఇది చెప్పనక్కరలేదు: పిల్లకాలువ తూము మూస్తే దాని కింది మడులే ఎండుతాయి, పెద్ద తూమే మూస్తే ఆయకట్టంతా ఎండుతుంది. కాకపోతే పేగు అంచు వెంబడి, ఈ కొమ్మలన్నిటినీ కలుపుతూ, మార్జినల్ ఆర్టరీ (అంచు ధమని) అనే సన్నని ధమని ఒకటి పొడవునా నడుస్తుంది. ఒకవైపు కట్టేసినా ఇంకోవైపు నుంచి దీని ద్వారా రక్తం వస్తుంది. కింది ధమనిని మూలంలోనే కట్టేసినా ఎడమ పేగు చాలామందిలో బతికి ఉండేది దీని చలవే. అందరిలోనూ ఇది ఒకేలా ఉండదు. ప్లీహం దగ్గరి మలుపులో కొందరికి ఇది బాగా సన్నబడుతుంది, అరుదుగా తెగి కూడా ఉంటుంది. సర్జన్లు ఆ మలుపు దగ్గర అంత జాగ్రత్త పడేది అందుకే.

3. గడ్డ కుడివైపున లేదా అడ్డపేగులో ఉంటే

ఇక్కడ వాదం తక్కువ. సీకమ్, అసెండింగ్ కోలన్ గడ్డలకు ఇలియోకోలిక్ ధమనిని, అది పై పెద్ద ధమని నుంచి పుట్టే చోటు దగ్గరే కడతారు. రైట్ కోలిక్ ధమని విడిగా ఉంటే దాన్నీ కడతారు (చాలామందిలో అది విడిగా ఉండదు), అడ్డపేగుకు పోయే మిడిల్ కోలిక్ ధమనిలో కుడి కొమ్మను మాత్రం కోస్తారు. గడ్డ కాలేయం దగ్గరి మలుపులో గాని, అడ్డపేగు మధ్యలో గాని ఉంటే మిడిల్ కోలిక్‌ను మూలం దగ్గరే కట్టవలసి రావచ్చు. ప్లీహం దగ్గరి మలుపులోని గడ్డకు మిడిల్ కోలిక్ ఎడమ కొమ్మ, కింది ధమని కొమ్మ అయిన లెఫ్ట్ కోలిక్ రెండూ లెక్కలోకి వస్తాయి, ఎందుకంటే అక్కడి నుంచి లింఫు రెండు దారుల్లోనూ పోగలదు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి: సుపీరియర్ మెసెంటెరిక్ ధమనిని ఎప్పుడూ కట్టరు. కట్టేది దాని కొమ్మలనే. చిన్నపేగంతా దాని మీద బతుకుతుంది. దాని పక్కనే అదే పేరు గల పెద్ద సిర ఉంటుంది. కొమ్మలను మూలం దాకా విడదీసేటప్పుడు ఆ సిరకు గాయమైతే రక్తస్రావం తీవ్రంగా ఉంటుంది. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో హోహెన్‌బెర్గర్ బృందం 2009లో, పేగును దాని పొరతో సహా చెక్కుచెదరకుండా తీసి ధమనిని మూలంలో కట్టే పద్ధతిని వివరంగా రాసినప్పటి నుంచి, కుడివైపు ఆపరేషన్లలో మూలం దాకా పోవడం బాగా ప్రచారంలోకి వచ్చింది. అలా పోయినందువల్లనే రోగి ఎక్కువ కాలం బతుకుతాడన్నది మాత్రం ఇప్పటికీ సర్జన్ల మధ్య తెగని చర్చే. చేయి తిరిగిన సర్జన్ కొమ్మను శుభ్రంగా మూలం దగ్గర కట్టి, సిరను కాపాడి, చాలినన్ని గ్రంథులు తీస్తే సరిపోతుంది. ఆ పద్ధతి పేరు మీ రిపోర్టులో లేదని బెంగపడనక్కరలేదు.

4. గడ్డ సిగ్మాయిడ్‌లో లేదా రెక్టమ్‌లో ఉంటే: రెండు చోట్లలో ఏది?

అసలు చర్చంతా ఇక్కడే ఉంది. కింది మెసెంటెరిక్ ధమని మహాధమని నుంచి పుట్టిన తర్వాత కొన్ని సెంటీమీటర్లకు లెఫ్ట్ కోలిక్ అనే కొమ్మను పైకి, ఎడమవైపుకు పంపిస్తుంది. ఆ తర్వాత సిగ్మాయిడ్ కొమ్మలు ఇచ్చి, సుపీరియర్ రెక్టల్ ధమనిగా రెక్టమ్‌లోకి దిగుతుంది. సర్జన్ ఈ ధమనిని లెఫ్ట్ కోలిక్ పుట్టకముందే, మూలం దగ్గర కడితే దాన్ని హై టై అంటారు. లెఫ్ట్ కోలిక్‌ను వదిలి దాని కింద కడితే లో టై అంటారు. ఇంగ్లండుకు చెందిన ఇద్దరు సర్జన్లు ఒకే ఏడాది, 1908లో, చెరో మాట చెప్పారు: మొయినిహన్ మూలంలో కట్టాలన్నారు, మైల్స్ లెఫ్ట్ కోలిక్ కింద కట్టారు. నూరేళ్ళు దాటినా ఆ ఇద్దరి వెనుకా సర్జన్లు ఉన్నారు.

మూలంలో కట్టడం వల్ల మొదటి లాభం, మూడో వరుస గ్రంథులు ముక్కతో పాటే వచ్చేస్తాయి. రెండో లాభం, రెక్టమ్ తీసేశాక ఎడమ పేగును కటిలోపలికి లాగి కింది కొసకు కుట్టేటప్పుడు పట్టు లేకుండా సులువుగా దిగుతుంది. లెఫ్ట్ కోలిక్ కొమ్మ కొన్నిసార్లు పేగును పైకి పట్టి ఉంచుతుంది. దాన్ని కోసి, క్లోమం కింది అంచు దగ్గర ఇన్ఫీరియర్ మెసెంటెరిక్ సిరను కూడా కోసి, ప్లీహం దగ్గరి మలుపును విడదీస్తే పేగు చాలా కిందికి వస్తుంది. గడ్డ మలద్వారానికి దగ్గరగా ఉన్న రోగికి ఈ పొడవు ఎంతో అవసరం.

నష్టాలూ ఉన్నాయి. కుట్టు వేసిన చోటికి వచ్చే రక్తమంతా మిడిల్ కోలిక్ నుంచి అంచు ధమని ద్వారా దూరప్రయాణం చేసి రావాలి. వయసు మీదపడి ధమనులు గట్టిపడ్డవారిలో, బీడీలు చుట్టలు ఏళ్ళ తరబడి తాగినవారిలో, చక్కెర వ్యాధి ఉన్నవారిలో ఆ ప్రవాహం తక్కువ కావచ్చు. ఇక మహాధమని ముందు భాగాన, ఈ ధమని పుట్టే చోటు చుట్టూ సన్నని నరాల వల ఉంటుంది. దాని నుంచి దిగే నరాలు మగవారిలో వీర్యం బయటికి రావడాన్ని నడిపిస్తాయి. అవి దెబ్బతింటే వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి పోతుంది. అంగస్తంభనకూ మూత్రం సాఫీగా పోవడానికీ ముఖ్యమైన మరో నరాలు కటి లోతులో ఉంటాయి. అవి దెబ్బతినేది సాధారణంగా రెక్టమ్‌ను విడదీసేటప్పుడే గాని ధమనిని కట్టేటప్పుడు కాదు. ఈ తేడా తెలిస్తే, ఆపరేషన్ తర్వాత వచ్చిన ప్రతి ఇబ్బందినీ ధమని మీదికి నెట్టకుండా ఉంటారు. నరాలను కాపాడాలనుకునే సర్జన్లు హై టై చేసినా మహాధమనికి అంటుకుని కట్టరు. ఒకటి రెండు సెంటీమీటర్ల మొదలు వదిలి కడతారు.

మధ్యదారి ఒకటి ఉంది, ఇప్పుడు చాలామంది ఆ వైపే మొగ్గుతున్నారు. మూలం దగ్గరి గ్రంథులను ధమని చుట్టూ ఒలిచి తీసేసి, లెఫ్ట్ కోలిక్‌ను మాత్రం వదిలి, దాని కింద కట్టడం. అప్పుడు గ్రంథులూ వస్తాయి, రక్తమూ నిలుస్తుంది. ఇది ఓపిక, నైపుణ్యం కావలసిన పని. సమయం కొంత ఎక్కువ పడుతుంది.

ఏది మేలు? క్యాన్సర్ పేగు గోడలోని లోపలి పొరలకే పరిమితమైన తొలి దశలో మూలం దగ్గరి గ్రంథికి పాకడం చాలా అరుదు. గోడ దాటిన గడ్డల్లో కూడా అది కొద్దిమందిలోనే కనిపిస్తుంది. జపాన్‌లో 300 మందికి పైగా రెక్టమ్ క్యాన్సర్ రోగులను చీటీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి 2018లో ప్రచురించిన పోలికలో పేగు కొసలు కలిపి కుట్టిన జోడింపు దగ్గర లీకు రెండు జట్లలోనూ దాదాపు సమానంగానే ఉంది. ఇటలీ సర్జన్లు 2019లో ప్రచురించిన మరో పోలికలోనూ లీకులో తేడా తేలలేదు. కింద కట్టినవారిలో మూత్ర, లైంగిక పనితీరు మెరుగ్గా నిలిచింది. నా మట్టుకు, ధమని ఎక్కడ కట్టారన్న ఒక్క ముక్కనే పట్టుకుని సర్జన్ మంచిచెడ్డలను తూచడం సరికాదు. మూలం దగ్గరి గ్రంథుల సంగతి చూశారా, జోడించిన కొస ఎర్రగా ఉందా, పేగు పట్టు లేకుండా దిగిందా అన్న మూడింటికీ సరైన జవాబు ఉంటే పైన కట్టినా కింద కట్టినా మీరు దిగులు పడవలసిన పని లేదు.

5. ధమని నిర్ణయాన్ని మార్చగల సంగతులు ముందే చెప్పండి

ఓపీలో డాక్టర్ అడిగేదాకా ఆగకండి. ఆ రద్దీలో అన్నీ అడిగే వ్యవధి వారికి ఉండదు. కిందివి ఒక కాగితం మీద రాసుకుని పోండి.

కొంత దూరం నడిస్తే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గుతుందా? అన్నం తిన్న అరగంటకు కడుపులో నొప్పి వచ్చి, ఆ భయంతో తిండి తగ్గించి, బరువు తగ్గారా? ఇవి ధమనులు మూసుకుపోతున్న గుర్తులు కావచ్చు. పైనున్న మెసెంటెరిక్ ధమని ఇప్పటికే సన్నబడి ఉంటే, కొందరిలో కింది ధమనే ఎదురు ప్రవాహంతో పై పేగులను కూడా పోషిస్తూ ఉంటుంది. అలాంటివారిలో కింది ధమనిని మూలంలో కట్టడం ప్రమాదకరం. సీటీ ఆంజియోగ్రామ్‌లో ఇది ముందే కనిపిస్తుంది, కనుక పై లక్షణాలు ఉంటే ఆ పరీక్ష గురించి అడగండి.

గతంలో పేగుల ఆపరేషన్ ఏదైనా అయిందా? మహాధమని వాపుకు ఆపరేషన్ గాని, స్టెంట్ గాని పడిందా? అయితే పాత డిశ్చార్జ్ సమ్మరీ తప్పక వెంట తీసుకుపోండి. ఇదివరకు మిడిల్ కోలిక్ కట్టేసి ఉంటే, ఇప్పుడు కింది ధమనిని మూలంలో కట్టడానికి వీలుండదు. మధ్యలో మిగిలే పేగుకు రక్తం ఇచ్చేవారే ఉండరు. కాగితం పోయి ఉంటే, ఏ ఊళ్ళో, ఏ ఏడు, కడుపులో ఏ వైపు కోశారో అయినా చెప్పండి.

పిల్లలు కావాలనుకునే వయసులో ఉన్న మగవారు సిగ్గుపడకుండా ఆ మాట డాక్టర్‌తో చెప్పాలి. ఇంట్లో అందరి ముందూ చెప్పలేకపోతే ఒంటరిగా లోపలికి వెళ్ళి చెప్పండి. వీర్యాన్ని ముందుగా భద్రపరచుకునే ఏర్పాటు ఉందని చాలామందికి తెలియదు. ఆపరేషన్, రేడియేషన్, కీమో మొదలు కాకముందే ఆ పని చేసుకోవాలి. బీడీ, చుట్ట, సిగరెట్ తేదీ ఖాయమైన రోజు నుంచే మానేయడం జోడింపు మానడానికి నిజంగా సాయపడుతుంది.

6. సర్జన్‌ను ఎలా అడగాలి

పెద్ద ప్రశ్నల పట్టీ చదివితే ఎవరైనా విసుక్కుంటారు. రెండు మూడు సూటి ప్రశ్నలు చాలు, మీ మామూలు మాటల్లోనే అడగండి. "సార్, మా నాయినకు గడ్డ సిగ్మాయిడ్‌ల ఉన్నదని రాసిన్రు. పెద్ద రక్తనాళం మొదట్లనే కడ్తరా, లేకుంటే ఎడమ కొమ్మ ఇడిసిపెట్టి కింద కడ్తరా?" అని అడిగితే, ఈ విషయం మీద మీకు కొంత అవగాహన ఉందని డాక్టర్‌కు తెలుస్తుంది, జవాబు కూడా ఆ మేరకు వివరంగా వస్తుంది. "మొదట్ల ఉన్న లింఫు గడ్డలు కూడ తీస్తరా, సార్?" అన్నది రెండోది. "పేగు జోడించే ముందు రక్తం వస్తున్నదా లేదా ఎట్ల చూస్తరు?" అన్నది మూడోది. లేడీ డాక్టర్ అయితే "మేడమ్" అంటారు, అంతే తేడా.

"లోపల చూశాక నిర్ణయిస్తాం" అన్న జవాబు వస్తే దాన్ని తప్పించుకోవడంగా తీసుకోకండి. నిజాయితీగల జవాబు చాలాసార్లు అదే.

ఆరోగ్యశ్రీ కింద చేయించుకుంటున్నవారు దవాఖానలోని ఆరోగ్యమిత్ర దగ్గర అనుమతి సంగతి ముందే తేల్చుకోండి. తెలంగాణలో కుటుంబానికి ఏడాది పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు.

7. ఆపరేషన్ గదిలో ఏం జరుగుతుందో ఊహించుకోండి

లాపరోస్కోపీలో చాలామంది సర్జన్లు ముందు ధమని దగ్గరికే పోతారు. పేగు పొరను లోపలి వైపు నుంచి ఎత్తి, ఎడమ మూత్రనాళాన్ని గుర్తించి కిందికి వదిలి, నరాలను మహాధమని మీదే ఉంచి, ధమనిని చుట్టూ శుభ్రం చేసి, అప్పుడు కడతారు. దారంతో కట్టవచ్చు, ప్లాస్టిక్ క్లిప్పులు వేయవచ్చు, స్టేప్లర్‌తో గాని రక్తనాళాలను వేడితో మూసే పరికరంతో గాని మూయవచ్చు. దేనితో మూశారన్నది అంత ముఖ్యం కాదు. ఎక్కడ మూశారన్నదే ముఖ్యం.

కోసిన పేగు కొస నుంచి, దాని పక్కనున్న అంచు ధమని నుంచి ఎర్రని రక్తం చిమ్ముతుందా అని చూడటం పాత పద్ధతి, ఇప్పటికీ నమ్మదగిన పద్ధతి. కొన్ని పెద్ద దవాఖానల్లో ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును సిరలోకి ఎక్కించి, ప్రత్యేక కెమెరాతో పేగు ఏ గీత వరకు వెలుగుతుందో చూసి, అక్కడ కోస్తారు. రక్తం చాలదనిపిస్తే ఇంకొంత పేగు తీసేస్తారు. రెక్టమ్‌లో బాగా కింద జోడించినప్పుడు, ముందే రేడియేషన్ ఇచ్చి ఉన్నప్పుడు, జోడింపు మానేదాకా చిన్నపేగుతో తాత్కాలికంగా సంచి పెడతారు. సంచి పెట్టారంటే ఆపరేషన్ చెడిపోయిందని అర్థం కాదు.

పేగు పూర్తిగా మూసుకుపోయి, కడుపు ఉబ్బి, అర్ధరాత్రి ఎమర్జెన్సీగా వచ్చిన రోగికి ఈ లెక్కలన్నీ పక్కకు పోతాయి. అప్పుడు సర్జన్ ప్రాణాన్ని చూస్తారు. మూలంలో కట్టలేదని తర్వాత తప్పుపట్టడం అన్యాయం.

8. తర్వాతి పది పదిహేను రోజులు కాపలా కాయండి

జోడింపు దగ్గర లీకు అయితే అది ఎక్కువగా మొదటి వారంలోనే బయటపడుతుంది, కొన్నిసార్లు ఇంటికి వచ్చాక కూడా. జ్వరం, నాడి వేగంగా కొట్టుకోవడం, తగ్గవలసిన కడుపునొప్పి పెరగడం, కడుపు ఉబ్బి గాలి పోకపోవడం, ఆయాసం, మూత్రం తగ్గడం, పొట్ట పక్కన పెట్టిన గొట్టంలో (డ్రెయిన్) మురికి నీరు రావడం వీటిలో ఏది కనిపించినా ఆపరేషన్ చేసిన యూనిట్‌కు వెంటనే తెలియజేయండి. అచ్చంపేట, దేవరకొండ, గద్వాల వైపు పల్లెలకు వెళ్ళిపోయినవారు ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుంటూ రెండు రోజులు ఆగడం తరచూ జరిగే పొరపాటు; ఆ రెండు రోజులే ప్రాణాంతకం కావచ్చు. మలం రావడం లేదని సొంతంగా ఎనిమా ఇవ్వడం అసలు పనికిరాదు. 108కు ఫోన్ చేసి దగ్గరి పెద్ద దవాఖానకు చేరి, అక్కడి డాక్టర్‌కు డిశ్చార్జ్ కాగితం చూపండి.

9. బయాప్సీ రిపోర్టులో గ్రంథుల లెక్క చదవండి

తీసిన ముక్క మొత్తం పాథాలజీకి వెళ్ళి, రిపోర్టు వారం పది రోజుల్లో వస్తుంది. అందులో మొదట చూడవలసింది ఎన్ని లింఫు గ్రంథులు దొరికాయి, వాటిలో ఎన్నింటికి క్యాన్సర్ పాకింది అన్నది. కనీసం 12 గ్రంథులు పరీక్షించాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. ఒకటి నుంచి మూడింటికి పాకితే ఎన్1, నాలుగు లేదా అంతకంటే ఎక్కువైతే ఎన్2. గ్రంథులకు పాకిందంటే మూడో దశ. దానికి సాధారణంగా కీమోథెరపీ సూచిస్తారు, దాన్ని ఎక్కువ ఆలస్యం చేయకుండా, రెండు నెలలు దాటకుండా మొదలుపెట్టాలి.

గ్రంథులు 12 కంటే తక్కువ వచ్చి, దేనికీ పాకలేదని రాసి ఉంటే, ఆ "పాకలేదు" అన్న మాట మీద నమ్మకం కొంత తగ్గుతుంది. వెంటనే సర్జన్‌ను అనుమానించకండి. కొవ్వులో గ్రంథులను ఓపికగా వెతికి తీయడం పాథాలజీ పని కూడా. మిగిలిన ముక్కలో మళ్ళీ వెతకమని కోరవచ్చు. రెక్టమ్‌కు ముందే రేడియేషన్ ఇచ్చినవారిలో గ్రంథులు సహజంగానే తక్కువ దొరుకుతాయి. రెండో దశలో గ్రంథుల సంఖ్య తక్కువ ఉండటం కీమో ఇవ్వాలా వద్దా అన్న చర్చలో ఒక అంశం కనుక, క్యాన్సర్ డాక్టర్‌ను కలిసినప్పుడు ఆ సంఖ్యను మీరే ఎత్తి చూపండి. కొన్ని రిపోర్టులలో ధమని కట్టిన చోటి గ్రంథిని ఏపికల్ నోడ్ అని విడిగా రాస్తారు. దానికి పాకితే జబ్బు మూలం దాకా వచ్చిందని అర్థం. తర్వాతి స్కాన్‌లలో మహాధమని పక్కన మరింత జాగ్రత్తగా చూస్తారు.

10. ఆపరేషన్ నోట్ నకలు తీసుకుని దాచండి

డిశ్చార్జ్ సమ్మరీలో చాలాసార్లు "లో యాంటీరియర్ రిసెక్షన్ చేయబడింది" అన్న ఒక్క వాక్యమే (రెక్టమ్‌లో గడ్డ ఉన్న భాగాన్ని తీసి పేగును జోడించారని) ఉంటుంది. అది చాలదు. కేస్ షీట్‌లోని ఆపరేషన్ నోట్‌లో ఏ ధమనిని ఏ స్థాయిలో కట్టారు, లెఫ్ట్ కోలిక్‌ను ఉంచారా కోశారా, మిడిల్ కోలిక్ సంగతేమిటి, సిరను ఎక్కడ కోశారు, రక్తప్రసరణ ఎలా చూశారు, జోడింపు చేతికుట్టా స్టేప్లరా అన్నవి ఉంటాయి. ఇవి ఇప్పుడు కాదు, పదేళ్ళ తర్వాత అవసరపడతాయి. మిగిలిన పెద్దపేగులో మరో గడ్డ వస్తే, కింది ధమని ఇప్పటికే మూలంలో కట్టేసి ఉందో లేదో తెలియకుండా సర్జన్ మిడిల్ కోలిక్‌ను ముట్టుకోలేరు. మహాధమనికి స్టెంట్ వేసే డాక్టర్‌కూ ఈ సమాచారం కావాలి.

రోగి గాని, రోగి అధికారం ఇచ్చినవారు గాని రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి చెబుతుంది. రోగి పేరు, ఐపీ నంబరు, ఆపరేషన్ తేదీ రాసి, "ఆపరేషన్ నోట్, హిస్టోపాథాలజీ రిపోర్టు నకళ్ళు ఇప్పించగలరు" అని ఒక తెల్లకాగితం మీద దరఖాస్తు పెట్టి, మీ నకలు మీద ముద్ర వేయించుకోండి. అదే నియమావళి ప్రకారం రికార్డులను భద్రపరచవలసిన కాలం చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్ళే. అందుకని డిశ్చార్జ్ అయిన వారంలోనే అడగడం మంచిది. చేతికి వచ్చాక లామినేషన్ చేయించకుండా, రెండు జిరాక్సులు తీసి, ఫోన్‌లో ఫోటో కూడా పెట్టుకుని, ఇంట్లో ఇంకొకరికి ఆ కాగితాలు ఎక్కడున్నాయో చెప్పి ఉంచండి.